ఊపిరి కాసిన టీచరమ్మ

పోయిన నెల రెండో శుక్రవారం నా భార్య చనిపోయింది. ఆ రోజు జరిగింది ఇది.

పొద్దున నాలుగూ ముప్పావుకు లేచింది. రోజూ లేచే వేళే. మొహం కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంది. చెప్పులు వేసుకోలేదు. ఇవాళ తాను రాలేనని, నన్నే పోయి గ్రౌండులో తన దగ్గర కసరత్తు నేర్చుకునే పిల్లలకు చెప్పి రమ్మని అంది. పదేళ్లలో ఆమె ఆ మాట అనడం నాలుగైదు సార్లకు మించదు. నేను పోయి చెప్పాను. పిల్లలు వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టుకున్నారు. తిరిగి వచ్చేసరికి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది.

"ఎంతమంది వచ్చిన్రు?" అని అడిగింది.

ఇరవై రెండు అన్నాను.

"ఇరవై మూడు ఉండాలె కద."

"నువ్వు ఇంట్లనే ఉన్నవు కద," అన్నాను. నవ్వింది.

పదకొండు గంటలకు ఆయాసం పెరిగింది. ఆటో పిలిచాను. దవాఖానలో డాక్టర్లు చేయవలసిందంతా చేశారు. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పోయింది. ఆమెకు యాభై నాలుగేళ్లు.

దినాల నాడు భోజనాల దగ్గర పక్కింటాయన ఒక మాట అన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్లుగా మా గోడకు అటువైపు ఉంటున్నాడు. నాతో అనలేదు, తన పక్క కూర్చున్నతనితో అన్నాడు. నేను పెరుగు వడ్డిస్తున్నాను కాబట్టి వినబడింది.

"ఇన్నేండ్లు ఊపిరి కసరత్తు నేర్పిన మనిషి. యాభై నాలుగేండ్లకే ఊపిరి ఆగిపాయె. ఇగ దాంట్ల ఏమున్నట్టు?"

ఆయన చెడ్డవాడు కాదు. దవాఖాన నుంచి తీసుకువచ్చిన రోజు మా వాకిట్లో టెంటు వేయించింది ఆయనే. కానీ మాటకు కాళ్లుంటాయి. ఆ వారంలో అది నల్గొండలో మా పానగల్ రోడ్డు పొడుగునా నడిచింది. నేర్పినామెకే పనికిరాని దానితో మన పిల్లలకేం పని అని తల్లులు అన్నారట. గ్రౌండులో ఇరవై రెండు మంది తొమ్మిది మంది అయ్యారు. ఆ తర్వాత నలుగురు.

అందుకే ఇది రాస్తున్నాను. నా దుఃఖం సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆమె ఓడిపోయిందన్న మాటకు మాత్రం జవాబు చెప్పాలి. ఆ జవాబును ఆమె నా చేత ఇరవై ఎనిమిదేళ్లు దాచిపెట్టించింది.

ఆమెది మక్తల్ దగ్గర ఒక ఊరు. గొర్రెలు కాసుకునే కుటుంబం. ఎనిమిదేళ్లప్పుడు జ్వరం వచ్చి కీళ్లు వాచాయి. వారానికి తగ్గిపోయింది, అందరూ మరిచిపోయారు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. టీచరు ట్రైనింగులో ఉండగా, పంతొమ్మిదో ఏట, మెట్లెక్కుతూ పడిపోతే హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడి పెద్ద డాక్టరు ఆమె తండ్రితో, ఈ అమ్మాయి నలభై దాటడం కష్టం అన్నాడు.

నేను పెళ్లిచూపులకు పోయిన రోజు ఈ సంగతి ఆమె తండ్రి చెప్పలేదు. చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. నీళ్లగ్లాసు ఇస్తూ ఆమె చెప్పింది.

"నా గుండెల ఒక తలుపు సరిగ్గ తెరుసుకోదు. పిల్లలను కనొద్దన్నరు. నలబై దాటనన్నరు. ఆలోచించుకోండ్రి."

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. గుండె బొమ్మను ఎన్ని వందల సార్లు బోర్డు మీద వేశానో లెక్క లేదు. నాలుగు గదులు, నాలుగు కవాటాలు, బాణం గుర్తులు. ఆ కవాటాల వెనక ఒక మనిషి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆలోచించుకోవడానికి ఏమీ కనబడలేదు. పెళ్లి చేసుకున్నాము.

డాక్టరు ఆమెకు రెండు మాటలు చెప్పాడు. పరుగెత్తవద్దు. అట్లాగని పడుకోనూ వద్దు. మందులు రాశాడు, మూడు వారాలకొకసారి ఇంజక్షను రాశాడు. పరుగుకూ పడకకూ మధ్య ఏముందో మాత్రం రాయలేదు. అది ఆమె తనంతట తాను వెతుక్కుంది. పుట్టింట్లోనే దొరికింది.

మా మామ మంద కాసేటప్పుడు నేను చూశాను. పెళ్లయిన ఏడాది, జొన్న కోసిన చేలల్లో ఎరువు కోసం మంద పెట్టేవాళ్లు. ఆయన కట్టె మీద ఆని ఒక కాలు మడిచి రెండో మోకాలికి ఆనించి నిలబడేవాడు. గంటసేపు ఆ నిలబడటమే. కళ్లు మంద మీద, ఒంట్లో ఎక్కడా బిగువు ఉండేది కాదు. పొద్దుగూకే వేళ గొర్రెలను దడి సందులోంచి లోపలికి వదులుతూ లెక్కపెట్టేవాడు. ఇరవై కాగానే ఒక గులకరాయి పక్కన పెట్టేవాడు. మధ్యలో ఒకటి బెదిరి వెనక్కి దూకితే ఆ ఇరవై మళ్లీ ఒకటి నుంచి. తిట్టేవాడు కాదు. విసుక్కునేవాడు కాదు.

నా భార్య ఊపిరిని అట్లా లెక్కపెట్టుకునేది. లోపలికి పోయి బయటికి వస్తే ఒకటి. ధ్యాస చెదిరితే మళ్లీ ఒకటి. కట్టె పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేది. గొంగడి కప్పుకున్నట్టు చేతులను భుజాల చుట్టూ మెల్లగా తిప్పేది. గొర్రెపిల్లను ఎత్తినట్టు మోకాళ్లు వంచి, ఏమీ లేని చోటు నుంచి ఏమీ లేనిదాన్ని రొమ్ము దాకా ఎత్తి మళ్లీ దించేది. అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా దించేది కాబట్టి చేతుల్లో పిల్ల ఉందనే నాకు అనిపించేది. రోజూ నలభై నిమిషాలు. అమావాస్యకూ పండక్కీ సెలవు లేదు.

నలభై నిండిన రోజు పాయసం చేసింది. స్కూల్లో తోటి టీచర్లు ఏం విశేషమని అడిగితే, పరీక్ష పాసైనానని చెప్పిందట.

రాష్ట్రం వచ్చాక మొదటిసారి పోలీసు ఉద్యోగాలు పడ్డప్పుడు నల్గొండ నిండా వాటికి తయారయ్యే పిల్లలే. ఏ గ్రౌండు చూసినా పరుగులు. మా పై గదులు కిరాయికి ఇచ్చాము, వాటిలోనూ వాళ్లే. పొద్దున గట్టి నేల మీద పది రౌండ్లు కొట్టేవాళ్లు. ముంజేయంత కట్టు మోకాలికి కట్టుకుని కుంటుతూ మెట్లెక్కేవాళ్లు. పగలంతా పుస్తకం ముందు వంగి కూర్చుని, నడుములు పట్టేసి, రాత్రి నిద్ర పట్టక ఫోను చూసేవాళ్లు. ఇరవై మూడేళ్లకు గుండెదడ. నా భార్య వంటింటి కిటికీలోంచి వాళ్ల నడక చూసేది.

"వీల్లకు అలుపు తెలుసు. ఊకుండుడు తెల్వది," అంది ఒకరోజు. అప్పుడు ఆమెకు నలభై నాలుగు.

క్లాసు పెడతానంటే నేను ఉత్సాహపడి ఒక తప్పు చేశాను. ఆమెకు చెప్పకుండా ఫ్లెక్సీ కొట్టించాను. ఉచిత శిక్షణ అని పెద్ద అక్షరాలు, పక్కన తలకిందులుగా నిలబడ్డ ఒక కండల మనిషి బొమ్మ. మొదటి రోజు నలభై మంది వచ్చారు. ఆమె వాళ్లను కట్టెలు పట్టుకుని నిలబడమంది. అంతే. అరగంట నిలబెట్టింది. రెండో రోజు ముగ్గురు వచ్చారు. ఆమె ఫ్లెక్సీ విప్పించి, తెల్లని వెనకవైపు పైకి వచ్చేట్టు నేల మీద పరిపించింది. ముగ్గురినీ దాని మీద కూర్చోబెట్టింది. పదేళ్లు ఆ కండల మనిషి బోర్లా పడుకుని అందరినీ మోశాడు.

పక్కింటాయన అప్పట్లో రోజూ గేటు దగ్గర నిలబడి పలకరించేవాడు. "ఏం టీచరమ్మా, గొర్లు కాయనీకె బయలెల్లినవా?" అనేవాడు. "అవునన్నా, నీ కొడుకును గూడ తోలు, మందల కలుపుత," అనేది ఈమె. ఆయన కొడుకు అప్పుడు ఇంజనీరింగు చదివేవాడు. వాడికి జిమ్ము ఉంది, ముసలోళ్ల కసరత్తు ఎందుకని ఆయన నవ్వేవాడు.

పిల్లలకు మొదట్లో లెక్క అర్థం కాలేదు. డ్రిల్లు అలవాటు ప్రకారం ఏక్, దో, తీన్ అని అరిచేవాళ్లు. ఆపించింది. తర్వాత పోటీలు పెట్టుకున్నారు, ఎవరు ఎక్కువ లెక్కపెడితే వాళ్లు గొప్ప. ఒకడు వచ్చి, టీచరమ్మా నేను ఒక్కటి గూడ తప్పకుండ రెండొందలు కొట్టిన అన్నాడు. "మంచిది బిడ్డా. రెండొందల గొర్లల్ల నల్లయి ఎన్ని?" అంది. వాడు తల గోక్కున్నాడు. ఇరవై దాకా చాలు, ఒక్కొక్కదాన్ని చూసి పంపించు అని చెప్పింది.

ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఇంకొకటి. "ఊపిరి గొర్రె అసొంటిది. ఎనకబడి తరిమితే బెదురుతది. ముందట నడువు, అదే ఎంబడొస్తది."

నేను లెక్చరర్ను కాబట్టి ఆ మాటకు కారణాలు వెతికాను. నెమ్మదిగా విడిచే ఊపిరికి నాడి నిదానిస్తుంది. ఒంటికాలి మీద నిలబడితే చీలమండ చుట్టూ చిన్న కండరాలు గట్టిపడతాయి. పరుగులో పాదం మడత పడదు. మోకాళ్లు వంచి మెల్లగా లేస్తే నడుము మీద బరువు తొడలకు మారుతుంది. వయసులో ఉన్న ఒళ్లు ఇవన్నీ త్వరగా నేర్చుకుంటుంది, ముసలితనం దాకా ఆగవలసిన పని లేదు. ఇదంతా ఆమెకు చెబితే, బాగుంది, కానీ గ్రౌండులో చెప్పకండి, పిల్లలు నోట్సు రాసుకుంటారు అంది. ఒక్క విషయంలో మాత్రం కటువుగా ఉండేది. ఇది మందు కాదు. ఎవరైనా డాక్టరు ఇచ్చిన గోలీలు మానేశామంటే ఆ రోజు వాళ్లను ఇంటికి పంపేది.

పిల్లలందరికీ మణికట్టు మీద నాడి చూసుకోవడం నేర్పింది. ఎవరికైనా దొరక్కపోతే వాళ్ల చెయ్యి తాను పట్టుకుని చూపించేది. తన చెయ్యి మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ నాడి సమంగా నడవదని నాకు తెలుసు. ఎందుకు దాస్తావని ఒకసారి అడిగాను.

"తెలిస్తే జాలిపడి వస్తరు. జాలితోని వచ్చినోల్లు వారం ఉంటరు. మంచిగనిపించి వచ్చినోల్లు ఉండిపోతరు. నేనున్నన్ని దినాలు చెప్పొద్దు."

అట్లా వచ్చి ఉండిపోయిన వాళ్లలో ఒక అమ్మాయి గురించి చెప్పాలి. అమ్రాబాద్ దిక్కు ఊరు. మా పై గదిలో కిరాయికి ఉండేది. కానిస్టేబులు కావాలని వచ్చింది. చదువులో ఆమెకు తిరుగు లేదు. పరుగే కుదరలేదు. ఎనిమిది వందల మీటర్లు, గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. ఉత్త రోజుల్లో బ్రహ్మాండంగా ఉరికేది. పరీక్ష రోజు విజిలు ఊదకముందే గుండె గొంతులోకి వచ్చేది. అంతకుముందు సారి సగం రౌండులోనే రొమ్ము పట్టుకుని కూలబడింది. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి గుండెలో ఏ లోపమూ లేదన్నారు. ఆమె నమ్మలేదు. మళ్లీ ఉద్యోగాలు పడ్డాయి. ఈసారి పోతే మళ్లీ పడేనాటికి వయసు దాటిపోతుంది.

నా భార్య ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, గుండె కొట్టుకుంటే భయపడకు, అది దాని పని అని చెప్పింది. గుండె గురించి ఆమె చెబితే ఎంత అర్థముందో ఆ అమ్మాయికి అప్పుడు తెలియదు. "ఉరుకుడు పొద్దుగూకంగ మీ కోచింగు సార్ల దగ్గర నేర్సుకో. నిలవడుడు పొద్దుగాల నేను నేర్పుత," అంది. నాలుగు నెలలు నేర్పింది. రెండో నెలకు ఆ పిల్ల రాత్రి పదింటికి దీపం ఆర్పడం మొదలుపెట్టింది. కింద మాకు తెలిసేది.

పరుగు పరీక్ష రోజు మేమిద్దరం స్కూటరు మీద పోయాము. లోపలికి బయటివాళ్లను రానివ్వరు. రోడ్డు మీద జాలీ కంచె దగ్గర నిలబడ్డాము. లోపల అమ్మాయిలు రొమ్ము మీద నంబర్లతో వరుసకట్టారు. కొందరు ఎగురుతున్నారు, కొందరు తల మీద నీళ్లు పోసుకుంటున్నారు, ఒకామె ఏడుస్తూ ఉంది. మా అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి ఉంది. కళ్లు సగం మూసి, చేతులు వదులుగా.

మా పక్కన కంచె పట్టుకున్న కుర్రవాడు నవ్వాడు. "ఏందిర గామె, కొంగ లెక్క నిలవడ్డది."

"జర సూడు బిడ్డా," అంది నా భార్య.

విజిలు పడింది. మొదటి రౌండు మా అమ్మాయి వెనక నుంచి మూడోది. నా భార్య పెదవులు కదులుతున్నాయి, ఇరవై దాకా పోయి మళ్లీ ఒకటికి వస్తోంది. రెండో రౌండులో ముందున్నవాళ్లు ఒక్కొక్కరే నోరు తెరిచి, భుజాలు ఎగరేసుకుంటూ నెమ్మదించారు. మా అమ్మాయి అదే అడుగు, అదే ఊపు. ఒకరిని దాటింది. ఇద్దరిని దాటింది. ఆఖరి మలుపులో, ఇందాక వరుసలో ఏడ్చినామెను కూడా దాటి, ఇంకా టైము మిగిలి ఉండగానే గీత దాటింది. కూలబడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా నడుస్తూ పోయింది. రొమ్ము పట్టుకోలేదు.

నా భార్య గేటు వైపు ఉరకబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. మా పెళ్లయ్యాక ఆమె ఉరకబోయిన రోజు అదొక్కటే.

"నాలుగడుగులే కద," అంది.

వదల్లేదు. ఇద్దరం నడిచే పోయాము. ఆ నడకంత గొప్ప ఊరేగింపు నేను ఇంతవరకు చూడలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పనిచేస్తోంది. దినాలకు డ్యూటీ వల్ల రాలేకపోయింది. పోయిన ఆదివారం వచ్చింది. పొద్దున్నే గ్రౌండుకు పోయి, నలుగురినే చూసి, ఇంటికి వచ్చి అడిగింది. నేను పక్కింటాయన మాట చెప్పాను. ఆ తర్వాత, ఎందుకో ఆపుకోలేక, మిగతాది కూడా చెప్పాను. జ్వరం, కవాటం, నలభై.

తన మణికట్టు వేళ్లతో పట్టుకుంది. తర్వాత అంది.

"నా చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నదో సార్. తన చెయ్యి ఒక్కనాడు ఇయ్యలే."

తానున్నన్ని దినాలు చెప్పొద్దంటే మాట ఇచ్చాను, అందుకే ఎవరికీ చెప్పలేదన్నాను.

"ఉన్నన్ని దినాలే చెప్పొద్దన్నది కద. నలబై దాటదన్న మనిషి పద్నాలుగేండ్లు ఎక్కువ తెచ్చుకున్నది. అండ్ల పదేండ్లు మాకు ఇచ్చింది. గిది ఓడిపోవుడు ఎట్లయితది సార్? మీరు చెప్పకుంటె ఓడిపోయిందనే అంటరు."

కసరత్తే ఆమెను బతికించిందని నేను అనను. మందులున్నాయి, ఇంజక్షన్లున్నాయి, మంచి డాక్టర్లున్నారు. కానీ ఆఖరిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు పాత కాగితాలు చూసిన కుర్ర డాక్టరు, ఇన్నాళ్లు ఏం చేశారమ్మా అని అడిగాడు. గొర్లు కాసిన బిడ్డా అని చెప్పింది. అతను నవ్వలేదు. ఎట్లాగో చూపించమన్నాడు. ఆమె ఆ గదిలోనే లేచి నిలబడి చూపించింది.

మొదట పక్కింటాయనకు చెప్పాను. ఆయన మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. గోడ ఇటువైపు నిలబడి మొత్తం చెప్పాను, అయిదు నిమిషాలు పట్టింది. ఆయన పైపు చేతిలో అట్లాగే పట్టుకుని విన్నాడు. నీళ్లు ఒకే మొక్క మీద పోతూ ఉన్నాయి. మరునాడు గ్రౌండులో ఆ నలుగురికీ చెప్పాను. ఈసారి మాట ఇంకా త్వరగా నడిచింది. ఇవాళ పద్దెనిమిది మంది ఉన్నారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పుతున్నారు. పదేళ్లు గ్రౌండు గేటు దగ్గర పేపరు చదువుతూ కూర్చున్న నేను ఆఖరి వరుసలో నిలబడుతున్నాను. ఒంటికాలి మీద ఏడు దాకా వచ్చాను.

ఇందాక సాయంత్రం పక్కింటాయన మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు.

"నోరు జారిన సారూ," అన్నాడు.

పర్వాలేదన్నాను. ఆయన వెళ్లలేదు. కప్పు కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"మావోడు పొద్దంత ఇంట్లనే కంప్యూటరు ముంగట. జిమ్ము ఎప్పుడో ఇడిసిండు. ఇరవై ఎనిమిదేండ్లకు బీపీ గోలీ. నిద్ర లేదు. నేను చెప్తె ఇనడు. మీరు జర తోల్కపోతరా?"

గోలీ మానవద్దని చెప్పమన్నాను. చెప్తానన్నాడు. వాడు పొద్దున లేవడని, తిడతాడేమోనని కూడా అన్నాడు.

రేపు పొద్దున అయిదుంబావుకు వాళ్ల గేటు కొడతాను. లేవకపోతే మళ్లీ కొడతాను.